పాత షెవర్లే సి10 పికప్ కొంటున్నారా? రంగు కింద ఏముందో ఇలా చూడండి

అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్లు, ముఖ్యంగా టెక్సస్‌లో స్థిరపడ్డవాళ్లు, నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. 'పూర్తిగా బాగుచేసిన 1969 సి10 అమ్మకానికి ఉంది, ఫొటోలు పంపుతున్నాను, కొనవచ్చా?' ఫొటోల్లో బండి మెరిసిపోతూ ఉంటుంది. క్రోమ్ బంపరు, రెండు రంగుల పెయింటు, వెనుక తొట్టిలో వార్నిష్ పట్టించిన చెక్క పలకలు. ఆ ఫొటోలు చూసి 'కొనండి' అనడం ఎవరికీ సాధ్యం కాదు. ఇలాంటి బండ్లలో పైన పటారం, లోన లొటారం బాపతు చాలా ఎక్కువ. బండి దగ్గరికి వెళ్లి, కింద పడుకుని, చేత్తో తడిమి చూస్తేనే నిజం తెలుస్తుంది. ఆ చూడటం ఎలాగో వరుసగా చెబుతాను.

ఇక్కడ చెప్పేది 1967 నుంచి 1972 వరకు వచ్చిన షెవర్లే సి10 గురించి. తొలిసారి పాత పికప్ కొనేవారికి నేను సూచించేది ఇదే. విడిభాగాలు దాదాపు అన్నీ కొత్తగా తయారై దొరుకుతున్నాయి, నిర్మాణం సరళం, మామూలు పనిముట్లతో సగం పనులు ఇంట్లోనే చేసుకోవచ్చు. అదే సమయంలో, విడిభాగాలు సులభంగా దొరకడం వల్లే పైపై మెరుగులు దిద్ది అమ్మేవాళ్లూ ఎక్కువయ్యారు.

వెంట తీసుకెళ్లాల్సినవి

- మంచి టార్చిలైటు, చిన్న అద్దం
- పలుచని గుడ్డలో చుట్టిన చదునైన అయస్కాంతం. వీలైతే పెయింటు మందం కొలిచే మీటరు
- కంప్రెషన్ గేజి, స్పార్క్ ప్లగ్ విప్పే సాకెట్టు
- వోల్టేజి చూసే మల్టీమీటరు
- రెండు జాకీ స్టాండ్లు, పడుకోవడానికి అట్టముక్క
- తీగల బ్రష్షు, తెల్ల సుద్దముక్క
- రెండు సీసాల నీళ్లు (ఎందుకో మూడో అడుగులో చెబుతాను)
- కొత్త తరం ఇంజిన్ అమర్చిన బండి అయితే ఓబీడీ2 స్కానరు (ఇంజిన్ కంప్యూటరులోని తప్పులు చదివే పరికరం)

కనీసం మూడు గంటలు చేతిలో పెట్టుకుని, పగటి వెలుతురులో, వాన లేని రోజున వెళ్లండి. తడిసిన పెయింటు మీద గీతలు, అలలు ఏవీ కనిపించవు. బయలుదేరే ముందు అమ్మేవారికి ఫోను చేసి ఒక్క మాట చెప్పండి: 'నేను వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయవద్దు.'

1. ముందు కాగితాలు, నంబర్లు

బండిని చూసి మనసు పారేసుకోక ముందే ఈ పని ముగించాలి. టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద ఉన్న పేరు, మీకు అమ్ముతున్న మనిషి పేరు ఒకటేనా చూడండి. వేరే ఎవరి పేరు మీదో ఉన్న టైటిల్ ఇచ్చి 'మీరు నేరుగా మీ పేరుకు మార్చుకోండి' అంటే అక్కడే ఆగిపోండి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో తిరగాల్సింది మీరే.

తర్వాత విన్ నంబరు, అంటే బండి గుర్తింపు సంఖ్య. ఇప్పటి బండ్లకు ఉండే 17 అక్షరాల నంబరు 1981 మోడళ్ల నుంచి వచ్చింది. అందుకే ఈ పాత బండ్ల నంబరును మామూలు చరిత్ర నివేదికల వెబ్‌సైట్లలో కొడితే ఏమీ రాదు. నంబరు రాలేదని భయపడకండి, వచ్చే వివరాలు లేవు కదా అని వదిలేయకండి. డ్రైవరు వైపు తలుపు తెరిస్తే పక్క స్తంభానికి రివెట్లతో బిగించిన రేకు కనిపిస్తుంది. దాని మీద నంబరు 'సిఈ140ఎ...' అన్న తీరులో ఉంటుంది. మొదటి సి అంటే రెండు చక్రాలకు శక్తి వెళ్లే బండి. నాలుగు చక్రాలదైతే కె. రెండో అక్షరం ఈ అయితే కర్మాగారం నుంచి వి8 ఇంజిన్‌తో వచ్చింది, ఎస్ అయితే ఆరు సిలిండర్లతో వచ్చింది. ఆ తర్వాత వచ్చే 1 అంటే అర టన్ను బరువు మోసే తరగతి. 4 అంటే పికప్. దాని పక్క అంకె సంవత్సరం: 7 నుంచి 9 వరకు 1967–69, 0 అంటే 1970, 1 అంటే 1971. 1972లో మాత్రం నంబరు మొదట్లో ఇంకో అక్షరం చేరింది.

ఆ రేకును పట్టుకున్న రివెట్లు కొత్తగా మెరుస్తున్నాయా, చుట్టూ పెయింటు చెదిరిందా చూడండి. అదే నంబరు కుడివైపు ఫ్రేమ్ రైలు (బండిని మోసే ఉక్కు చట్రంలోని పొడవాటి కమ్మీ) పైభాగంలో, ముందు చక్రం దగ్గర కొట్టి ఉంటుంది. తీగల బ్రష్షుతో మెల్లగా రుద్ది, సుద్ద పూస్తే అంకెలు తేలతాయి. ఈ రెండూ టైటిల్‌తో కలవాలి. కలవకపోతే క్యాబిన్ ఒక బండిది, ఫ్రేమ్ మరో బండిది అయి ఉండవచ్చు, అంతకంటే పెద్ద తిరకాసూ ఉండవచ్చు. రాష్ట్ర అధికారుల దగ్గర తేల్చుకునే దాకా డబ్బు ఇవ్వకండి.

డ్యాష్‌బోర్డులో పెట్టె తలుపు లోపలివైపు కర్మాగారం అంటించిన కాగితం ఉంటే ఫొటో తీసుకోండి. ఆ బండికి అప్పట్లో ఏయే హంగులు వచ్చాయో అందులో ఉంటుంది. కాకపోతే కొత్త కాగితాలు అచ్చువేసి అమ్మేవాళ్లూ ఉన్నారు, కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్మకండి. బ్యాడ్జీలను అసలే నమ్మకండి. షయాన్ అన్న పేరు 1971లో మొదలైంది. 1969 బండి మీద ఆ పేరు కనిపిస్తే ఎవరో తర్వాత తగిలించినదే.

2. కింద పడుకుని ఫ్రేమ్ చూడండి

పెయింటు మంచిదో కాదో చివర్లో చూద్దాం. బండి విలువంతా ఫ్రేమ్‌లో, క్యాబిన్ కింది భాగంలో ఉంది. సమతలంగా ఉన్న చోట జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద నిలిపాకే కిందికి వెళ్లండి. ఒక్క జాకీని నమ్ముకుని బండి కింద తల పెట్టవద్దు.

కింద అంతా తాజా నల్లని పూత దట్టంగా కొట్టి ఉంటే అనుమానించండి. తుప్పును దాచడానికి ఇంతకంటే చవకైన దారి లేదు. పూత మీద గోటితో నొక్కితే లోపల గట్టి లోహం తగలాలి, రేకులుగా పొరలు లేవకూడదు. స్టీరింగ్ బాక్సు బిగించిన చోట, ముందు క్రాస్‌మెంబర్ (ఫ్రేమ్ రెండు వైపులను కలిపే అడ్డ దూలం) రివెట్ల చుట్టూ టార్చి వేసి వెంట్రుకవాసి పగుళ్ల కోసం వెతకండి. రివెట్టు చుట్టూ ఎర్రని తుప్పు పొడి కారి ఉంటే అది కదులుతున్నట్టు లెక్క.

బండిని నేలకు దగ్గరగా దించి ఉంటే వెనుక ఇరుసు పైన ఫ్రేమ్‌ను చూడటం తప్పనిసరి. ఇరుసుకు చోటు కావాలని ఫ్రేమ్‌ను అర్ధచంద్రాకారంలో కోస్తారు. కోసిన చోట మందపాటి ఉక్కు ముక్కతో చుట్టూ బలం ఇచ్చి, బోల్టులు వేసి లేదా శుభ్రంగా వెల్డింగ్ చేసి ఉండాలి. కోసి అలాగే వదిలేసిన బండిని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి.

3. క్యాబిన్‌లో తుప్పు పట్టే అసలు చోట్లు

ఇక్కడ ఎంత సమయమైనా వెచ్చించండి. ముందు అద్దం కింద గాలి లోపలికి పోయే జాలీ ఉంటుంది. అందులో దశాబ్దాలుగా ఆకులు, మట్టి చేరి నీరు పోయే దారి మూసుకుపోతుంది. ఆ నీళ్లు పాదాల పక్కన ఉండే రేకుల్లో నిలిచి, అక్కడి నుంచి కింది అంచులను తినేస్తాయి.

మీరు తెచ్చిన నీళ్లకు ఇప్పుడు పని. అమ్మేవారి అనుమతి అడిగి, ఆ జాలీలో ఒక్కో వైపు ఒక్కో సీసా మెల్లగా పోయండి. కొద్ది క్షణాల్లో నీళ్లు ముందు చక్రాల వెనుక, ఫెండర్ల కింద నుంచి నేల మీద పడాలి. లోపల కార్పెట్ ఎత్తి చూడండి. తడి తగిలిందా, ఆ రేకు లోపల కుళ్లిపోయింది. నీళ్లు అటూ ఇటూ ఎటూ రాకపోతే దారి పూడిపోయింది, కుళ్లడం ఇప్పటికే మొదలై ఉంటుంది. అనుమతి ఇవ్వకపోతే మీ చేతి వేళ్లతో పాదాల పక్క రేకులను నొక్కి చూడండి.

తలుపుల కింద ఉండే పొడవాటి రేకులను రాకర్ ప్యానెళ్లు అంటారు. ఇక్కడ జరిగే మోసం ఒకటే: కుళ్లిన పాత రేకును కోయకుండా దాని మీదే కొత్త రేకు తొడిగి వెల్డింగ్ చేస్తారు. పైనుంచి చూస్తే కొత్త బండిలా ఉంటుంది, రెండు మూడు వానాకాలాల్లో లోపలి తుప్పు బయటికి పొడుచుకొస్తుంది. అద్దం పట్టుకుని కింది అంచు అతుకును చూడండి. పొరలు ఎక్కువగా, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోకుండా ఉంటే పని అడ్డదిడ్డంగా చేసినట్టే.

క్యాబిన్ వెనుక మూలలను బయటినుంచీ, సీటు వెనుక చెయ్యి పెట్టి లోపలినుంచీ తడమండి. బయట నున్నగా, లోపల గరుకుగా, చిల్లులతో ఉంటే మధ్యలో ఉన్నది పుట్టీ. అసలు పెట్రోల్ ట్యాంకు కూడా ఈ సీటు వెనుకే ఉంటుంది, మూత డ్రైవరు తలుపు వెనుక పక్కన. చాలామంది భద్రత కోసం ట్యాంకును తొట్టి కిందికి మారుస్తారు. అది మంచి మార్పే. మూత ఉన్న రంధ్రాన్ని రేకు వేసి వెల్డింగ్ చేశారా, పుట్టీతో పూడ్చారా అన్నది మాత్రం అయస్కాంతంతో చూడండి. ట్యాంకు ఇంకా లోపలే ఉంటే, అద్దాలు మూసి రెండు నిమిషాలు కూర్చోండి. పెట్రోల్ వాసన వస్తే గొట్టాలు మార్చాలి.

బండి పుట్టిన ఊరు కూడా అడగండి. అరిజోనా, న్యూ మెక్సికో, పశ్చిమ టెక్సస్ పొడి నేలల్లో తిరిగిన బండికి రబ్బర్లు, సీట్లు ఎండిపోయి ఉంటాయి గానీ లోహం బతికి ఉంటుంది. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే ఉత్తరాది రాష్ట్రాల బండి అయితే పైన చెప్పిన చోట్లన్నీ రెండుసార్లు చూడండి. ఎండిన సీటు మార్చడం తేలిక. కుళ్లిన క్యాబిన్ మార్చడం వేరే సంగతి.

4. తలుపులు, సందులు, పెయింటు

తలుపును సగం తెరిచి, చివర పట్టుకుని పైకి లేపండి. ఊగితే కీలు పిన్నులు అరిగాయి. అది చిన్న ఖర్చు. తలుపు ఊగకుండానే పైన సందు ఇరుకుగా, కింద వెడల్పుగా ఉంటే అది పెద్ద సమస్య. తలుపు చట్రానికి లోపల అడ్డకమ్మీలు బిగించకుండా రాకర్ కోసి వెల్డింగ్ చేసినప్పుడు క్యాబిన్ కుంగి అలా అవుతుంది.

ఇప్పుడు అయస్కాంతం. రేకు మీద నిలువునా, అడ్డంగా మెల్లగా జరపండి. ఒక చోట గట్టిగా పట్టి, జానెడు దూరంలో జారిపోతే అక్కడ పుట్టీ మందంగా ఉంది. మీటరు ఉంటే ఇంకా స్పష్టం: కర్మాగారం పెయింటు సుమారు 100–150 మైక్రాన్లు, మళ్లీ వేసిన మంచి పెయింటు అంతకు రెండింతల దాకా ఉండవచ్చు. ఐదారు వందలు దాటితే కింద పుట్టీ ఉంది. కొద్దిపాటి పుట్టీ తప్పు కాదు, యాభై ఏళ్ల రేకుకు అది మామూలే. చక్రాల వంపుల్లో, కింది మూలల్లో ఉంటేనే ఆలోచించాలి.

5. చల్లని ఇంజిన్

ముందుగా చేత్తో రేడియేటరు తాకండి. వద్దని చెప్పినా వేడిగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడంలో ఏదో ఇబ్బంది ఉంది. గంట ఆగండి, లేదా మరో రోజు రండి.

'అసలు ఇంజినే' అని చెబితే నంబర్లు చూడండి. షెవర్లే చిన్న వి8 బ్లాకు వెనుక, గేర్ బాక్సు కలిసే అంచు మీద, డ్రైవరు వైపు అచ్చు సంఖ్య ఉంటుంది. అదే అంచు మీద అవతలి వైపు పోత తేదీ ఉంటుంది: నెలకు ఎ నుంచి ఎల్ వరకు ఒక అక్షరం, తర్వాత రోజు, చివర సంవత్సరం ఆఖరి అంకె. 'సి 15 1' అంటే మార్చి 15, 1971 కావచ్చు, 1981 కూడా కావచ్చు. ఏ దశాబ్దమో అచ్చు సంఖ్యను బట్టి తేల్చుకోవాలి. బండి తయారైన తేదీ కంటే బ్లాకు పోసిన తేదీ తర్వాతిదైతే అది అసలు ఇంజిన్ కానే కాదు. 350 (ఘనపు అంగుళాల) ఇంజిన్ ఈ పికప్‌లలో 1969 నుంచే వచ్చింది కాబట్టి, 1967 బండిలో 350 ఉంటే తర్వాత మార్చినదే. మార్చడం దోషం కాదు. అసలుదని చెప్పి ఎక్కువ ధర అడగడమే దోషం.

స్టార్ట్ చేయించి మీరు పొగగొట్టం దగ్గర నిలబడండి. నీలి పొగ అయితే ఆయిల్ కాలుతోంది, నల్ల పొగ అయితే పెట్రోల్ ఎక్కువ పోతోంది. తెల్లపొగ మొదటి నిమిషంలో ఆవిరి కావచ్చు, ఇంజిన్ వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ లోపలికి చేరుతోంది. వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ ప్రతి వెయ్యి ఆర్‌పీఎమ్‌కు సుమారు 10 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) ఉంటే చాలు. బ్యాటరీ దగ్గర మీటరు 14 వోల్టుల చుట్టుపక్కల చూపాలి.

కంప్రెషన్ పరీక్షకు అన్ని ప్లగ్గులూ విప్పి, యాక్సిలరేటరు పూర్తిగా నొక్కిపట్టి, ఒక్కో సిలిండరుకు నాలుగైదు తిప్పుల చొప్పున చూడండి. ఇగ్నిషన్ కాయిల్ తీగ ముందే ఊడదీయండి. అంకె ఎంత అన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అన్నిటికంటే ఎక్కువ వచ్చినదానిలో ఐదో వంతుకు మించి ఏదీ తగ్గకూడదు. పక్కపక్కన ఉన్న రెండు ఒకేసారి తక్కువ చూపితే హెడ్ గాస్కెట్టు పోయి ఉండవచ్చు.

6. మార్పులు చేసిన బండి అయితే

ఈ రోజుల్లో ఎక్కువగా కనిపించేది ఎల్‌ఎస్ కుటుంబం (షెవర్లే కొత్త తరం వి8) ఇంజిన్. 1999 తర్వాతి షెవర్లే ట్రక్కుల నుంచి తీసిన 5.3 లీటర్ల ఇంజిన్‌ను పాత సి10లో కూర్చోబెడతారు. బాగా చేస్తే ఇది రోజూ నడపదగ్గ బండి. చెడ్డగా చేస్తే నిప్పుతో చెలగాటం.

పాత కార్బురేటరుకు పెట్రోల్ 5–7 పీఎస్ఐ ఒత్తిడితో వెళితే చాలు. ఎల్‌ఎస్‌కు 58 పీఎస్ఐ దాకా కావాలి. అంత ఒత్తిడిని పాత రకం రబ్బరు గొట్టం తట్టుకోదు. గొట్టం మీద అచ్చయిన అక్షరాలు చదవండి: '30ఆర్7' అని ఉంటే అది కార్బురేటరు గొట్టం, ఇక్కడ పనికిరాదు. '30ఆర్9' లేదా అంతకు మించినది ఉండాలి. పొగగొట్టానికి దగ్గరగా, ఆనుకుని వెళుతున్న గొట్టం ఏదైనా ఉందేమో చూడండి. స్కానరు తగిలించడానికి ఓబీడీ2 సాకెట్టు ఉండాలి. లేదంటే రేపు తప్పు ఎక్కడుందో వెతకడం నరకం.

వైరింగ్‌లో ఒక్కో తీగకు ఒక్కో రంగు టేపు చుట్టి, ఫ్యూజు లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపిన తీగలు కనిపిస్తే, పూర్తి కొత్త హార్నెస్ (బండి మొత్తం తీగల కట్ట) ఖర్చును ధరలోంచి తీసేయండి.

బ్రేకులు: 1971 నుంచి ముందు చక్రాలకు డిస్కులు కర్మాగారం నుంచే వచ్చాయి, అంతకు ముందు నాలుగూ డ్రమ్ములే. చక్రం నట్లు లెక్కపెట్టండి. 1967–70 అర టన్ను బండికి ఆరు, 1971–72కు ఐదు. 1968 బండికి ఐదు నట్లు ఉంటే ముందు భాగం మార్చారు. ఏ సంవత్సరం బండి భాగాలు వాడారో అడిగి రాసుకోండి, లేకపోతే రేపు బ్రేక్ ప్యాడ్లు కొనడానికి వెళ్లి ఏది అడగాలో తెలియక తిరిగి వస్తారు. డిస్కులు వేసి పాత డ్రమ్ముల మాస్టర్ సిలిండరు, వాల్వు అలాగే ఉంచేస్తే ఆపేటప్పుడు వెనుక చక్రాలు ముందే బిగుసుకుపోతాయి.

7. నడిపి చూడటం

కదలక ముందే బ్రేకు పెడలు నొక్కి అర నిమిషం పట్టి ఉంచండి. మెల్లగా కిందికి దిగిపోతే నడపకండి. ఖాళీ చోట గంటకు 30 మైళ్ల వేగం నుంచి గట్టిగా ఆపండి, బండి ఒక పక్కకు లాగకూడదు. స్టీరింగ్‌లో కొంత ఖాళీ కదలిక ఈ బండ్లకు సహజమే, రెండు అంగుళాలు దాటితే కీళ్లు, బాక్సు చూడాలి. వీలైతే హైవే మీద 60 మైళ్ల వేగం దాకా వెళ్లండి. చాలా బండ్లు ఊళ్లో బుద్ధిగా ఉండి హైవే మీద ఊగిపోతాయి.

కార్వెట్, మస్టాంగ్ కొనేవారికి

ఇవే అడుగులు, చోట్లు మాత్రం వేరు. కార్వెట్ బాడీ ఫైబర్‌గ్లాస్, అయస్కాంతం పని చేయదు. 'ఫైబర్‌గ్లాస్ కదా, తుప్పు పట్టదు' అన్న మాటకు మోసపోకండి. దాని లోపల ఉక్కు చట్రం ఉంది. ముందు అద్దం కింది మూలలు, పాదాల పక్క భాగం, వెనుక చక్రానికి ముందు ఫ్రేమ్ పైకి వంగే చోటు కుళ్లుతాయి. 1965–66 మస్టాంగ్‌లో ముందు అద్దం కింద నీరు నిలిచే చోటు, నేల రేకులు, ముందు షాక్ అబ్జార్బర్లను మోసే గోపురాలు చూడండి. అక్కడ కూడా నీళ్ల సీసా పరీక్ష బాగా పనికొస్తుంది.

తరచూ జరిగే పొరపాట్లు

'మొత్తం విప్పి బాగుచేశాం' అనేవారిని పని జరుగుతున్నప్పటి ఫొటోలు, బిల్లులు అడక్కపోవడం అన్నిటికంటే పెద్దది. నిజంగా కష్టపడ్డవాడి దగ్గర వందల ఫొటోలు ఉంటాయి, అడిగితే సంతోషంగా చూపిస్తాడు. క్యాబిన్ విప్పి ఫ్రేమ్ ఒంటరిగా ఉన్న ఫొటో ఒక్కటీ లేకపోతే ఆ మాట నమ్మనక్కర్లేదు.

ఇంకొకటి, దూరంగా ఉన్న బండిని వీడియో కాల్‌లో చూసి కొనడం. మీరు వెళ్లలేకపోతే పాత బండ్లు తెలిసిన పరిశీలకుడికి డబ్బిచ్చి పంపండి, పైన చెప్పిన జాబితా అతని చేతికివ్వండి. బీమా విషయంలో, ముందుగా ఇద్దరూ అంగీకరించి రాసుకున్న విలువకు ఇచ్చే పాలసీనే తీసుకోండి. మామూలు కారు పాలసీలో పాత బండిని తరుగు లెక్కలో కట్టి చేతిలో చిల్లర పెడతారు. మీ రాష్ట్రంలో నిబంధనలూ ముందే చూసుకోండి: టెక్సస్‌లో 25 ఏళ్లు దాటిన బండికి పురాతన వాహనం ప్లేటు దొరుకుతుంది గానీ, దానితో రోజూ ఆఫీసుకు వెళ్లడానికి వీల్లేదు. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు పెట్రోల్ బండ్లకు పొగ పరీక్ష మినహాయింపు ఉంది.

8. కొన్నాక, ఇంటికి నడుపుకుంటూ వచ్చే ముందు

టైర్ల పక్క గోడ మీద డాట్ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర ఉన్న నాలుగు అంకెలు చదవండి. 2316 అంటే 2016లో 23వ వారం తయారైనది. గాడులు ఎంత లోతుగా ఉన్నా పదేళ్లు దాటిన టైరుతో హైవే ఎక్కకండి, ట్రైలరు మీద తెప్పించుకోండి. ఇంటికి చేరాక మొదటి వారంలో బ్రేకు ఫ్లూయిడ్, ఇంజిన్ ఆయిల్, కూలెంట్, పెట్రోల్ ఫిల్టరు మార్చేయండి. రబ్బరు ఇంధన గొట్టాలు ఎప్పటివో ఎవరూ చెప్పలేకపోతే వాటినీ మార్చండి. సీటు కింద మంటలార్పే చిన్న సిలిండరు, బ్యాటరీకి తీగ తప్పించే స్విచ్చి ఆ వారమే బిగించండి. నూరు మైళ్లు నడిపాక చక్రాల నట్లు మళ్లీ ఒకసారి బిగించి చూడండి, బండి నిలిపిన చోట నేల మీద చుక్కలేమైనా పడ్డాయా అని ఒక అట్ట పరిచి తెల్లారి చూసుకోండి.